సాలి పాట ఎత్తిన రోజు

అరవై నాలుగేళ్ల సాలి చెయ్యి మూడు నెలలుగా వణకడం లేదు. అంతకుముందు తొమ్మిదేళ్ల పాటు చాయ గ్లాసు పట్టుకుంటే సగం చాయ చీరకే. పార్కిన్సన్స్ అన్నారు డాక్టర్లు. మందుబిళ్లలు పనిచేసినన్నాళ్లు చేసి మొండికేశాయి. చివరికి సూర్యాపేటలో ఉండే కూతురు స్వరూప హైదరాబాద్ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించింది. మెదడులోకి రెండు సన్నని తీగలు, ఛాతీ మీద చర్మం కింద ఒక బ్యాటరీ. ఆ కరెంటు తాకుతుంటే చెయ్యి కుదురుగా ఉంటుంది. తన తలకాయకే మీటరు బిగించారని, బిల్లు ఎవరు కడతారో చూడాలని సాలి మోతె దగ్గరి తండాలో అందరినీ నవ్వించింది.

కరెంటు ఎక్కువైతే గొంతు మొద్దుబారవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. అందుకే రిమోట్‌లో రెండు నంబర్లు పెట్టాడు. ఒకటి నొక్కితే చెయ్యి నిలుస్తుంది. రెండు నొక్కితే గొంతు తేలికవుతుంది, వణుకు తిరిగొస్తుంది. ఒకటి మీద ఉంచి వారాల పేర్లు చెప్పమంటే సాలి కాస్త ముద్దగానైనా చెప్పింది. ఇంకేం, అదే ఖాయం చేశారు. పాట పాడి చూడమని ఎవరూ అడగలేదు. అడిగినా ఆమె పాడేది కాదు. ఆమెకు ప్రాణమైన పాట ఢావ్లో. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు లంబాడీ ఆడవాళ్లు మెడలు పట్టుకుని ఏడుస్తూ పాడేది. పెళ్లి లేని చోట ఆ రాగం ఎత్తితే అరిష్టమని ఆమె నమ్మకం. అలాంటిది దవాఖానలో ఎత్తుతుందా?

తనను నానీ అని పిలిచే మనవరాలు, స్వరూప కూతురు సంతోషి పెళ్లి కోదాడ ఫంక్షన్ హాల్లో జరిగింది. పెళ్లికొడుకుది మిర్యాలగూడ. పొద్దుటి నుంచి సాలికి తన పెళ్లే కళ్ల ముందు తిరుగుతోంది. పదహారేళ్లప్పుడు పుట్టింటి నుంచి మోతె దగ్గరి తండాకు ఎడ్లబండిలో వచ్చింది. బండెక్కే ముందు తల్లి మంగ్లీ మెడ పట్టుకుని ఒక్కో మాట అందిస్తుంటే తను అందుకుంది. నీ గడపలో ఆడుకున్నాను, నీ మేకలు కాశాను, నన్నెందుకు పంపుతున్నావని పాట. తల్లి ముఖం ఇప్పుడు సరిగా గుర్తురాదు. ఫొటో అయినా లేదు. రాగం మాత్రం చెవిలోనే ఉంది. అది తలుచుకుంటే సాలికి ఇప్పటికీ పదహారేళ్లే.

సంతోషికి కంప్యూటరు భాషలు నాలుగొచ్చు, ఢావ్లో రాదు. సాలి అందించాల్సిందే.

మధ్యాహ్నం కారెక్కే వేళ సంతోషి వచ్చి ఎదురుగా నిలబడింది. సాలి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి నోరు తెరిచింది. రాగం రాలేదు. బండ మీద ఖాళీ బిందె ఈడ్చినట్టు గరగరమని ఆగిపోయింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ అంతే. ఏం చేయాలో తెలియక సంతోషి ఫొటోగ్రాఫరు వైపు చూసి నవ్వింది. సాలి ఆ నవ్వు చూసింది. తన పిల్ల పాట లేకుండా గడప దాటుతోంది.

స్వరూపను దగ్గరికి పిలిచి, ఆమె దగ్గరున్న రిమోట్‌లో రెండు నొక్కమంది. స్వరూప ఒప్పుకోలేదు. మగపెళ్లివాళ్లంతా చూస్తున్నారని, లోకుల నోటికి మూకుడు పెట్టలేమని, ఇంత కష్టపడి ఆపిన వణుకును ఈ రోజే పిలుస్తావా అని చెవిలో గొణిగింది.

"చెయ్యి ఊకుంటే నేనేం జేసుకోవాలె బిడ్డా? మా అమ్మ నాకిచ్చింది, నేను నీకిచ్చిన. దీన్ని ఉత్త చేతుల్తోని పంపాల్నా? నొక్కు."

స్వరూప కళ్లు తుడుచుకుని నొక్కింది.

కాసేపు ఏమీ కాలేదు. కారు డ్రైవరు హారన్ కొట్టాడు. ముందు కుడిచేతి బొటనవేలు కదిలింది, తర్వాత చెయ్యంతా. ఆ వెనకే గొంతు విడింది. వెనకటి గొంతు కాదు, అక్కడక్కడ చీలింది. అయినా రాగం అదే. సాలి ఒక మాట అందించింది. సంతోషి సిగ్గుపడుతూ తిరిగి అంది. రెండో మాట సగంలోనే ఆపేసింది. మూడో మాటకు భోరుమని అమ్మమ్మ భుజం మీద వాలిపోయింది.

వీపు మీద సాలి చెయ్యి టపటపా కొట్టుకుంటుంటే సంతోషి ఉలిక్కిపడి తలెత్తింది.

"నానీ, నీ చెయ్యి వణుకుతుంది. ఆపమని అమ్మకు చెప్పనా?"

"వణకనియ్యి. నీ బిడ్డ పెండ్లికి నేనుండను. ఇంకోపారి అను."