మైకులో పోసిన గంజి

ఆ రోజు సరిగా తెల్లవారనే లేదు, చీకటి కాస్త పలచబడిందంతే. వాన లేదు, గాలి లేదు. మబ్బు మాత్రం కొల్లేరు మీదికి బాగా కిందికి దిగి, లేవడం ఇష్టం లేనట్టు కూర్చుంది. గట్టు మీద కొబ్బరాకు కూడా కదలడం లేదు. అలాంటి పొద్దున చేపల చెరువున్న వాడెవడూ ఇంటిపట్టున ఉండడు. ఎండ లేకపోతే నీళ్లలో గాలి తగ్గిపోతుంది. చేపలు పైకి తేలి, మూతులు తెరిచి, గాలి మింగుతుంటాయి. ఇంజను పెట్టి నీళ్లు చిమ్మించకపోతే మధ్యాహ్నానికల్లా చెరువంతా తెల్లటి పొట్టలే.

యేసుదాసు ఆ పొద్దున కూడా తన రెండు పనులూ వరస తప్పకుండా చేశాడు. ముందు మందిరంలో ప్రార్థన, తర్వాత చెరువులో మేత. పాస్టరుగారు తాడేపల్లిగూడెంలో ఉంటారు, ఆదివారాలు మాత్రమే వస్తారు. మిగిలిన రోజులన్నీ మందిరం తాళమూ, మైకూ సంఘపెద్ద చేతిలోనే. ఆ పెద్ద యేసుదాసు. కోడి కూయకముందే స్విచ్చి వేసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టేవాడు. గోపురం మీద నాలుగు వైపులా కట్టిన హారన్లలోంచి అతని గొంతు కాలవ దాటి, చేలు దాటి పోయేది.

ఊరి కోసం, పంటల కోసం, చదువుకునే పిల్లల కోసం ప్రార్థించాక చివర్లో ఒక మాట అనేవాడు. "మంచాన ఉన్న మా సహోదరి పాపాయమ్మను జ్ఞాపకం చేసుకో తండ్రీ. పూటపూటా ఆమెకు గంజి పోస్తున్న చేతులను దీవించు తండ్రీ."

మొదట్లో ఆ రెండో మాట లేదు. ఒకరోజు దానంతట అదే నోట్లోకి వచ్చింది. వినడానికి బాగుంది. ఆ తర్వాత ఈ ఐదారు రోజులూ వచ్చింది.

పాపాయమ్మకి ఎవరూ లేరు. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు పుట్టలేదు. ఒంట్లో ఓపికున్నంత కాలం ఆకివీడు వెళ్లి, లారీలకెత్తే చేపల్ని ఐసులో సర్దే పని చేసింది. ఆ ఐసుకి ఆమె వేళ్లు కొంకర్లుపోయి, చివరికి గరిటె పట్టుకోవడమే కష్టమైంది. ఈ మధ్య కడుపులో గడ్డ బయటపడింది. ఏలూరులో పెద్ద డాక్టర్లు చూసి, ఇక కోసి లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లి నొప్పి తెలియకుండా చూసుకోండి, తాగగలిగింది తాగించండి అని చెప్పారు. ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చింది యేసుదాసే. ఆ ఆదివారం మందిరంలో నిలబడి, "పాపాయమ్మ మనందరి బాధ్యత" అన్నది కూడా అతనే. అందరూ ఆమేన్ అన్నారు. ఎవరు ఏ పూట వెళ్లాలన్నది మాత్రం ఎవరూ అనుకోలేదు.

యేసుదాసు దోనె మీద తిరిగి, వెదుళ్లకు కట్టిన సంచుల్లో మేతకి తవుడూ వేరుశనగ చెక్కా నింపాడు. మబ్బు రోజు కాబట్టి సగమే నింపాడు. ఇంజను దగ్గర పనివాణ్ణి కూర్చోబెట్టి, "చేప పైకొస్తే వెంటనే ఫోను చెయ్యి" అని చెప్పి గట్టెక్కాడు.

కాలవ వంతెన మీద బంగార్రాజు స్కూటరు ఆపుకుని నిలబడి ఉన్నాడు. ఊళ్లో మంచి పొలమున్న రైతు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బడిలో చదివారు.

"ఏవోయ్ యేసుదాసూ, మీ దేవుడికి కాస్త చెముడా? తెల్లారకుండా అంత కేకలేస్తావు!"

"ఆయనకి వినపడుద్దండి రాజుగారూ. తమరు లేవాలని."

"నేను లేస్తూనే ఉన్నాను. మా గేదే బెదిరి పాలివ్వటం మానేసింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. అంతలో బంగార్రాజు భార్య తులసి ఇంటి గేటు దగ్గర నుంచే పిలిచింది.

"యేసుదాసుగారండీ, ఒక్క మాటండీ. పాపాయమ్మగారికి గంజి పోసేది మీలో ఎవరండీ? మా మూత గిన్నె ఒకటి అక్కడుండిపోయింది. చుట్టాలొస్తున్నారు. కాస్త ఇప్పించమని చెప్పాలి."

"మా స్త్రీల సమాజం వాళ్లేనమ్మా," అన్నాడు యేసుదాసు. ఆ మాట కూడా దానంతట అదే నోట్లోకి వచ్చింది. "నేను అటే వెళ్తున్నాను. గిన్నె తెచ్చిస్తాను."

పాపాయమ్మది కాలవగట్టు మీద చివరి రేకుల ఇల్లు. తలుపు చేరేసి ఉంది. తోయగానే లోపలి వాసన ముఖానికి కొట్టింది. యేసుదాసు కండువా ముక్కు దాకా తెచ్చుకుని, మళ్లీ దించేశాడు.

గిన్నె కిటికీలోనే ఉంది. మూత తీశాడు. అడుగున గంజి ఎండి, పెచ్చులు కట్టి ఉంది. చీమలు కూడా వచ్చి వెళ్లిపోయినట్టున్నాయి. మంచం పక్కన ప్లాస్టిక్ సీసాలో నీళ్లు అడుగంటాయి. దుప్పటి మార్చి ఎన్నాళ్లయిందో తెలియడం లేదు. మంచం మీద పాపాయమ్మ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి గాలి తీసుకుంటోంది. అలాంటి నోళ్లనే అతను పొద్దుటి నుంచీ చెరువులో కంగారుగా వెతుకుతున్నాడు.

"అత్తా," అన్నాడు, ఊరి వరసన.

ఆమె కళ్లు తెరవలేదు. "మైకు కట్టేసి చాలాసేపయింది కదా, ఇంకా అల్లుడి గొంతు వినపడతందేంటి," అంది. పెదవులు నవ్వబోయి పగుళ్ల దగ్గర ఆగిపోయాయి.

"నేనే వచ్చాను అత్తా." సీసాలో నీళ్లు అరచేతిలో పోసి ఆమె నోటికి అందించాడు. సగం మెడ మీదికి జారిపోయాయి. "గంజి తాగావా?"

ఆమె కళ్లు తెరిచి అతని వంక చూసింది.

"అదే నిన్నడుగుదామనుకుంటన్నా అల్లుడూ. రోజూ పొద్దున్నే పోస్తున్నారని చెబుతావు. నాకేమో జ్ఞాపకం ఉండటం లేదు. పోసేరేమో, తాగేనేమో, తెలివి లేక మర్చిపోతున్నానేమో అనుకుంటన్నా. నువ్వు దేవుడికి చెప్పే మాట అబద్ధమెందుకవుద్ది?"

యేసుదాసు చేయి తడి ఆరే దాకా అలాగే నిలబడి, గిన్నె తీసుకుని బయటికి వచ్చాడు. కాలవ రేవులో కూర్చుని, ఇసక వేసి పెచ్చులు తోముతూ, ఎడమ చేత్తో ఇంటికి ఫోను చేశాడు.

"పాపాయమ్మత్తకి గంజి ఎవరు పోస్తున్నారు?"

"మార్తమ్మ కాదా?" అంది భార్య దీనమ్మ. "వాళ్లిల్లే కదా దగ్గర. అయినా రోజూ మైకులో చెబుతున్నది మీరేగా. ఎవరికో పురమాయించే చెబుతున్నారనుకున్నా." అతను గిన్నె తోమడం ఆపాడు. "ఏవండీ? ఎవరూ పోయడం లేదా?"

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు.

తులసి గేటు తీసి ఎదురొచ్చింది. "అయ్యో, మీరెందుకు తోమారండీ. అలాగే ఇచ్చేస్తే పోయేది."

యేసుదాసు గిన్నె ఆమె చేతికి ఇవ్వలేదు. "కాస్త గంజి కావాలమ్మా," అన్నాడు.

"ఎవరికండీ?"

మా ఆవిడకి జ్వరమని చెప్పొచ్చు. ఆ మాట అప్పుడే నాలిక చివరికి వచ్చేసింది కూడా. ఇలాంటివన్నీ ఎంత తేలిగ్గా వస్తాయో అతనికి ఆ రోజు మొదటిసారి తెలిసింది. మింగేశాడు.

"పాపాయమ్మత్తకి. ఎవరూ పోయడం లేదమ్మా. మావాళ్లెవరూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు."

తులసి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

"నేను పోసేదాన్నండీ," అంది మెల్లిగా. "ఆటోలో తెచ్చి దింపిన రోజు నుంచి రెండు పూటలా నేనే పోశాను. మీరు మైకులో చెప్పాక మానేశాను. సొంతవాళ్లు చూసుకుంటుంటే మధ్యలో నేనెందుకని. అదీగాక మాది దేవుడి ముందు పెట్టాకే తినే ఇల్లు కదండీ. చవితికి పంపిన ఉండ్రాళ్లు మీరు తిప్పి పంపించారు, మేము తినకూడదని. ఆవిడకి కూడా అభ్యంతరమేమో, నోరు తెరిచి చెప్పలేక తాగుతుందేమో అనుకున్నాను."

వరండాలో కుర్చీలో కూర్చున్న బంగార్రాజు పేపరు మడిచి పక్కన పెట్టి, మడతని చేత్తో నిమురుతూ ఉండిపోయాడు.

ఉండ్రాళ్ల సంగతి యేసుదాసుకి బాగా జ్ఞాపకం ఉంది. విగ్రహాలకు పెట్టింది ముట్టమని గుమ్మంలో నిలబడి చెప్పి పంపించాడు. ఆ ఆదివారం సాక్ష్యం చెబుతూ ఆ ముక్క కూడా చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. అతనికి లోలోపల గర్వంగా అనిపించింది.

"ఆవిడ అలాంటి పట్టింపులున్న మనిషి కాదమ్మా," అన్నాడు. "నాకున్నాయి."

తులసి అతని చేతిలోంచి గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. గంజి కాచి, మజ్జిగా కాస్త ఉప్పూ కలిపి, ఒక ఉతికిన దుప్పటి భుజాన వేసుకుని బయల్దేరింది. యేసుదాసు ఆమె వెంట వంతెన దాకా నడిచి ఆగాడు.

"మీరు పదండమ్మా, వస్తాను," అని మందిరం వైపు తిరిగాడు.

ఆ ఊళ్లో వేళ కాని వేళ మైకు మోగిందంటే ఎవరో పోయినట్టే. హారన్లు గరగరలాడగానే చేలో ఉన్నవాళ్లు నడుములెత్తారు. ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చి, "పాపాయమ్మే అయ్యుంటుంది, పాపం," అనుకున్నారు. ఒకరిద్దరు అప్పుడే శవపెట్టె బరువు గురించి మాట్లాడుకుంటున్నారు.

మైకు ముందు నిలబడగానే యేసుదాసు నోటికి అలవాటు కొద్దీ, "పరిశుద్ధుడవైన తండ్రీ" వచ్చింది. ఆపుకున్నాడు. ఊరంతటికీ అతని ఊపిరి మాత్రం వినపడింది.

"పాపాయమ్మ చనిపోలేదు," అన్నాడు. "ఆకలితో ఉంది. పూటపూటా గంజి పోస్తున్నారని రోజూ నేను చెప్పింది అబద్ధం. ఎవరూ పోయడం లేదు. పోస్తున్న ఒక్క ఇల్లూ నా మాట విని మానేసింది."

ఇంకేదో చెప్పాలి. చివర ఆమేన్ అనాలి. ఏదీ అనబుద్ధి కాలేదు. స్విచ్చి కట్టేశాడు. టక్కుమన్న ఆ చప్పుడు కాలవ అవతల దాకా వినపడింది.

అతను తిరిగి గట్టు మీదికి చేరేసరికి రేకుల ఇంటి ముందు జనం ఉన్నారు. క్యారేజీలు, గిన్నెలు, మూతల మీద మూతలు. అన్నం, పప్పుచారు, చింతకాయ వేసి వండిన చిన్నచేపల పులుసు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తెచ్చినవి గోడ వారగా పెడుతున్నారు. మార్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "దీనమ్మక్క చూసుకుంటుందనుకున్నానండీ," అని ఎవరూ అడక్కుండానే ఎవరికో చెబుతోంది. దీనమ్మ ఆ మాట వింటూనే, ఇంటి నుంచి చుట్టి తెచ్చుకున్న చాపని లోపల మంచం పక్కన పరుస్తోంది.

తులసి మంచం మీద కూర్చుని, పాపాయమ్మ తలని మోచేతి మీద పెట్టుకుని చెంచాతో గంజి పోస్తోంది. దుప్పటి మారింది. కొంచెం మింగి, ఇక చాలన్నట్టు పాపాయమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్లందర్నీ, గోడ వారనున్న గిన్నెల్నీ చూసింది.

"పెళ్లెవరిది?" అంది.

ఎవరూ నవ్వలేదు.

"అంత అన్నం నేనేం చేసుకోను? కూర్చోండి. తినండి. నేను వింటాను."

"ఏం వింటావత్తా?" అన్నాడు యేసుదాసు.

"తినటం. ఒక్కదాన్నే ఉండి ఉండి, మనుషులు నమిలే చప్పుడు మర్చిపోయాను."

గుమ్మం లోపలా బయటా నేల మీదే కూర్చున్నారు. ఎవరో అరిటాకులు కోసుకొచ్చారు. బంగార్రాజు కూడా ఇంట్లోంచి అన్నం గిన్నె తెచ్చి తులసికి ఇచ్చి, స్టాండు వేసిన స్కూటరుని ఒకసారి చూసుకుని, పంచె పైకి లాక్కుని గడప పక్కన కూలబడ్డాడు. తులసి తన ఇంటి అన్నం పట్టుకుని వరసలో వచ్చి, యేసుదాసు ఆకు దగ్గర చేయి ఆపింది. అతను ఆకు ముందుకు జరిపాడు. ఆమె వడ్డించింది.

భోజనానికి ముందు సంఘపెద్ద ప్రార్థన చేయడం వాళ్ల ఆనవాయితీ. అలవాటు కొద్దీ కొందరు కళ్లు మూసుకున్నారు. దీనమ్మ మొగుడి వంక చూసింది. యేసుదాసు నోరు తెరవలేదు. కళ్లు మూసుకున్నవాళ్లు కాసేపు ఆగి, ఒక్కొక్కరే తెరిచారు.

జేబులో ఫోను మోగింది. చెరువు దగ్గర నుంచి. అది మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. అతను తీయలేదు.

మంచం మీద పాపాయమ్మ కళ్లు మూసుకుని, చెవి ఇటు పెట్టి పడుకుంది. యేసుదాసు తులసి పెట్టిన అన్నంలో చేయి పెట్టి కలిపాడు. మొదటి ముద్ద పెట్టుకుని, ఆమెకు వినపడేలా నమిలాడు. బయట మబ్బు అలాగే ఉంది. అందరూ తింటున్నారు.