పెత్రమాస నాటి అనపగింజలు

పెత్రమాస, అంటే పెద్దలకు పెట్టే అమావాస్య, పొద్దున వజ్రమ్మ అల్లం వెల్లుల్లి నూరుతోంది. రాత్రి నానబెట్టిన అనపగింజలు ఒక గిన్నెలో, పసుపు పట్టించిన మటన్ ఇంకో గిన్నెలో ఉన్నాయి. కొడుకు మహిపాల్ మాత్రం వంటింటి కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతున్నాడు.

పంజాగుట్టలో ఈ ఇల్లు దొరకడం కోసం "మేం నీసు ముట్టం సార్" అని ఓనరుకు చెప్పాడు. అమీర్‌పేటలో ఆఫీసు, నడిచిపోయేంత దూరం. అబద్ధమాడిన నాడు నోరు తడబడలేదు గానీ, ఇవాళ మటన్ సంచిని చొక్కాలో దాచుకుని మెట్లెక్కాడు.

"గా కిటికి తియ్యరా. వాసన బయటికి పోకుంటే మీ నాయనకు తొవ్వెట్ల దొరుకుతది?" అంది వజ్రమ్మ.

"దొరుకుతది తియ్యమ్మా. ఓనర్ కిందనే ఉన్నడు."

మహిపాల్ నాయన సారయ్య పోయి ఆరేళ్ళు. అందరిళ్ళ పెద్దల్లాగే ఏటా పెత్రమాసకు వచ్చి తినిపోతాడు. ప్రాణం పోయింది గానీ అనపగింజల మటన్ మీద ఆశ పోలేదు. ఒక్కటే కట్టుబాటు. "మావాళ్ళు కాదు" అనిపించుకున్న గడప పెద్దలు మళ్ళీ తొక్కరు. అది ఎవరికీ చెప్పనక్కర్లేని సంగతి.

కూర దగ్గరపడింది. కిటికీలో దారి దొరకని వాసన స్నానాలగది వెంటిలేటరు పట్టుకుని దిగి, నేరుగా ఓనరు వాకిట్లో తేలింది.

బెల్లు మోగింది. మహిపాల్ తలుపు బెత్తెడు తెరిచాడు. ఎదురుగా ఓనరు. ఆయన పక్కన తెల్ల ధోవతిలో, భుజాన తువ్వాలతో సారయ్య, కొడుకును చూసి నవ్వుతూ.

"మహిపాల్ గారూ, ఈ పెద్దాయన మటన్ వండే ఇల్లేదని మా తలుపు కొట్టారు. మన బిల్డింగులో ఎవరూ వండరన్నా వినరే! మీవాళ్ళేనా ఏంటి?"

"కాదు సార్," అన్నాడు మహిపాల్. "మావాళ్ళు కాదు."

లోపల గంటె చప్పుడు ఆగిపోయింది.

సారయ్య కొడుకు ముఖం చూశాడు. ముఖాన నవ్వు మెల్లగా చెరిగింది. "అవు సార్, నేనే ఇల్లు తప్పిన," అని మెట్లు దిగిపోయాడు. కొడుకు అబద్ధానికి తండ్రి సాక్ష్యం చెప్పిపోయాడు.

మహిపాల్ సిగ్గుతో తల దించుకున్నాడు. వెనక్కి తిరిగితే వజ్రమ్మ స్టవ్ ఆపేసి నిలబడి ఉంది.

"ఇగ ఎవరికి వండాల్నురా?" అంది.

అంతే. ఉడుకుడుకు గిన్నెను గుడ్డతో పట్టుకుని, తలుపు బార్లా తెరిచి, ఓనరును దాటి ఉరికాడు మహిపాల్. "మా నాయన్నే సార్! మటన్ సుత మా ఇంట్లదే!" మెట్లన్నీ దద్దరిల్లాయి. వేరే అంతస్తుల తలుపులు తెరుచుకున్నాయి.

గేటు దగ్గర దొరికాడు సారయ్య. "పైకి రా నాయనా," అని బతిమాలితే తల అడ్డంగా ఊపాడు. "నా చేతుల లేదు బిడ్డా." కింది మెట్టు మీదే కూర్చుని, గిన్నెలో చెయ్యి పెట్టి, ఎముకను చప్పరించుకుంటూ తిన్నాడు.

ఓనరు దిగి వచ్చి, తినడం అయ్యేదాకా ఆగాడు. "నెలాఖరుకు ఖాళీ చెయ్యండి," అన్నాడు.

"మంచిదే సార్," అంది వెనకే వచ్చిన వజ్రమ్మ. "గా గడప ఈయన ఇగ తొక్కడు. ఇంకో గడప చూసుకుంటం."

సారయ్య చెయ్యి కడుక్కుని తువ్వాలకు తుడుచుకున్నాడు. కొడుకు తలకాయ వంగే ఉంది. దాని మీద చెయ్యి వేశాడు.

"ఈపాలి వంటింటికి పెద్ద కిటికి ఉండేటట్టు చూడు, బిడ్డా," అన్నాడు.