బిళ్ళ కింది అక్షరాలు

నునుపు చేసిన ప్రతి బిళ్ళనూ ముందు దినపత్రిక మీద పెట్టి, దాని గుండా ఓ వార్త పైకి చదవాలి. శామీర్‌పేట దగ్గరి లేజర్ ప్రయోగశాలలో శాస్త్రవేత్త రాజారావు గారు పెట్టిన ఆనవాయితీ అది. బిళ్ళ పేరుకు పింగాణీయే గానీ, నియోడిమియం అనే లోహం కలిపిన పొడి కొలిమిలో కాలి గట్టిపడేసరికి గాజులా తేటగా రావాలి. అప్పుడే లేజర్‌కు పనికొస్తుంది.

మొదట్లో ఆయనే చదువుకునేవారు. ఒకనాడు తొందరలో ఇంకొకరిచేత చదివించారు. బాగుందన్నాడతను. ఆ ధీమాతో ఈయన రక్షణ అద్దాలు తీసి, లేజర్ నడుస్తుండగానే బల్ల మీదికి వంగారు. బిళ్ళలోని మసక, కంటికి కనబడని కిరణాన్ని పక్కకు చెదరగొట్టింది. అంతే, రెండు కళ్ళకూ నడిమి చూపు పోయింది. చదివిందెవరో ఆయన ఏనాడూ చెప్పలేదు.

ఈ నెలాఖరుకు ఆయన రిటైరవుతున్నారు. ఆయన చేతి మీదుగా వచ్చే ఆఖరి బిళ్ళ ఇదే. పత్రిక మీద పెట్టి "చదువమ్మా" అనగానే, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న నవ్యశ్రీ వంగి చూసింది. అంచుల్లో అక్షరాలు బాగానే ఉన్నాయి. నడుమ మాత్రం బియ్యం కడిగిన నీళ్ళలా మసక. తలెత్తి ఆయన ముఖం చూసింది. పాపం, ఎంత ఆశో. ఇక ఉండబట్టలేక బిళ్ళను కాస్త పక్కకు జరిపి, వార్తంతా గడగడా చదివేసింది. మంచిపనే చేస్తున్నానన్న ధైర్యం మరి.

ఆయన వెంటనే గుండ్లపోచంపల్లిలో ఉన్న భార్య పార్వతీదేవికి ఫోన్ చేసి, సేమ్యా పాయసం చేయమన్నారు. 

లేజర్ బల్ల దగ్గర మహేందర్ బిళ్ళ బిగిస్తున్నాడు. మేడ్చల్ నుంచి వచ్చే టెక్నీషియన్, మహా జాగ్రత్త మనిషి. అలాంటివాడు ఇవాళ అద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. అదేమిటని నవ్యశ్రీ అడిగింది.

"సారే మంచిగుందన్నంక ఇగ భయమేంది మేడం? గివి పెట్టుకుంటె సక్కగ కనబడ్తలేదు. మీరు ఆన్ జెయ్యుండ్రి."

స్విచ్ మీద వేలు అక్కడే ఆగిపోయింది. ఇతను సారు మాట నమ్మాడు. సారు నమ్మింది తన మాట. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సార్, నేను బిళ్ళ జరిపి చదివాను. నడుమ మసక ఉంది."

 మహేందర్ మెల్లగా అద్దాలు కిందికి దించుకున్నాడు. మీరు బాధపడతారనే అలా చేశానని చెబుతూ ఆమె ఏడ్చేసింది.

"ఆనాడు అతనూ అందుకేనమ్మా అలా చెప్పింది," అన్నారు రాజారావు గారు. తిట్టలేదు. బిళ్ళను మళ్ళీ పత్రిక మీద పెట్టించి, కనిపించినంతే చదవమన్నారు.

నాలుగు మాటలు చదివి ఆగింది. మసక దాటాక మళ్ళీ అందుకుంది. మధ్యలో ఎంత మేర పోయిందని ఆయన అడిగారు. చిటికెన వేలి గోరంత, అంది.

"నా కళ్ళల్లో పోయిందీ ఆ నడుమ కాస్తేనమ్మా."

ఆ మాట అని లేచారు. తడుముకుంటూ బల్ల దాకా వెళ్ళి, మహేందర్ ముఖం మీద అద్దాలు ఉన్నాయో లేదో చేత్తో తాకి చూసుకున్నారు.