వేళ్లతో సహా

తంబళ్లపల్లె దగ్గర మా ఊరి మేత గుట్ట మీద జరిగింది నేను కళ్లారా చూశాను. కూలి జనం మూడేళ్లుగా పెంచిన తంగేడు, రేగు మొక్కలను బొగ్గు కాంట్రాక్టర్ గోపాలస్వామి జేసీబీ తొక్కుకుంటూ పోయింది. అడ్డం నిలిచిన గొర్రెల గంగులమ్మను అతని మనుషులు రెక్కలు పట్టి పక్కకు ఈడ్చారు. రైతులం గట్టు మీద నిలబడి చూశాం.

బొగ్గు కాల్చడానికి అతనికి కావాల్సింది సర్కారు తుమ్మ. నరకడానికి పర్మిషన్ ఉంది. మోకాలెత్తున నరికి మొద్దు వదిలేస్తాడు. ఒక్కో మొద్దుకు పది కొమ్మలు లేస్తాయి. అతనికి మళ్లీ బొగ్గు. ఆ తుమ్మ కింద గడ్డి మొలవదు, గొర్రెకు మేత ఉండదు.

అందుకే గంగులమ్మ, కూలి జనం కలిసి మూడేళ్ల కిందట దాన్ని వేళ్లతో సహా తవ్వసాగారు. మొదటి ఏడు ఒక పొరపాటు చేశారు. తవ్విన నేలకు బలమని, చేనుకు ఎరువు కోసం తోలినట్టే గుట్ట మీద గొర్రెల మంద తోలారు. అవి ఎండిన చెరువులో తుమ్మకాయలు మేసిన గొర్రెలు. వాన పడగానే పెంటికల నుంచి నేలంతా తుమ్మ మొలకలే. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

జేసీబీ వచ్చిన మర్నాడు పాలకేంద్రం ముందు మీటింగ్ పెట్టారు. కాయలు రాలే కాలంలో గొర్రెలను దొడ్లో కట్టేసి మేపాలి, దానికి రైతులు చెనక్కాయ కట్టె, అదే ఎండిన వేరుశనగ తీగ, ఇవ్వాలి అని గంగులమ్మ అడిగింది. తమ వాముల్లోది తమ ఆవులకే చాలదన్నారు రైతులు. పొలం గట్ల మీది తుమ్మను ఊరికే కొట్టిస్తానన్న గోపాలస్వామితో తగువు దేనికన్నారు.

"గుట్ట అందరిదంటారు. మేత అడిగితే మాత్రం వామి ఎవురిదో గుర్తొస్తాది మీకు," అంది గంగులమ్మ.

ఏడుకొండలు నడిచెక్కి మొక్కే వాళ్లం, మా గుట్ట బోడి అవుతుంటే ఎందుకు ఊరుకున్నామని నాకు మొదటిసారి అనిపించింది. ఇంటికి పోయి వామి లాగాను. కూలి చెంగయ్య మోపు ఎత్తుకుంటూ, "ఈశ్వరప్పా, పై కట్టె తడిసిండాది. లోపలిది ఇస్తే పుణ్యం తగ్గుతాదా?" అన్నాడు. సిగ్గుపడి లోపలిది తీశాను. వారంలో ఇంకో తొమ్మిది వాములు విప్పారు.

అప్పుడు పోలీసులొచ్చారు. సర్కారు చెట్లు పీకుతున్నారని గోపాలస్వామి ఫిర్యాదు.

"నరికేదానికి ఆయప్పకు పర్మిషన్ ఇస్తిరి," అంది గంగులమ్మ. "పీకేదానికి మాకు ఎందుకు లేదు సారూ?"

ఆమెను జీపు ఎక్కించి మదనపల్లెకు తీసుకుపోయారు. ఇప్పటికీ బెయిలు రాలేదు. దొడ్లో ఆమె గొర్రెలు మనిషి అలికిడికల్లా అరుస్తున్నాయి. వంతులేసుకుని మేపుతున్నాం.

ఆమెను తీసుకుపోయిన మర్నాడు పొద్దున గుట్ట మీద మేం అరవై మందిమి. గడ్డపార వేసినవాళ్ల పేర్లన్నీ కేసులో ఎక్కుతాయని కానిస్టేబుల్ కాగితం తీశాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా భార్య రామలక్ష్మమ్మ, పొలం గట్టు దాటి ఏ గొడవకూ పోని మనిషి, ముందుకు నడిచింది.

"రామలక్ష్మమ్మ. రాసుకోప్పా. ఈయన ఈశ్వరప్ప, మా ఆయన. ఈయన్నీ రాసుకో."

నేను గడ్డపార అందుకున్నాను. వెనక చెంగయ్య తన పేరు చెబుతున్నాడు. మొదటి మొద్దు వేరు తెగేసరికి కానిస్టేబుల్ కాగితం రెండు పక్కలా నిండిపోయింది. వరుసలో ఇంకా జనం ఉన్నారు.