నీళ్ళ సీసాలో ఎర్రచుక్కలు

కళ్ళు మూసుకున్నా హైమకి ఆ ఎర్రచుక్కే కనబడుతోంది.

బడిలో పిలిస్తే పలకడం లేదని టీచరు కబురంపితే, చిన్నకూతురు సాయిప్రసన్నని రాజమండ్రి తీసుకొచ్చి మెదడు స్కాన్ తీయించింది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి కాసేపు మాటలు వినిపించారు, కాసేపు ఏమీ వినిపించకుండా ఉంచారు. ఏమీ వినిపించనప్పుడు కూడా మెదడులో వినికిడి చోట ఎర్రచుక్క పడింది. మూర్ఛ లక్షణం కావచ్చు, మాత్రలు మొదలుపెడదామన్నారు డాక్టరుగారు.

హైమ భయం మూర్ఛ గురించి కాదు. పెద్దపిల్ల శ్రీసుధ కాలవలో పడి చనిపోయి రెండేళ్ళు. పోయినవాళ్ళు రెండుసార్లే పిలుస్తారట. మూడోసారి పిలిస్తేగానీ పలక్కు అని చిన్నదానికి నేర్పింది తనే. ఆ మాట డాక్టరుగారికి చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు అక్క పిలుస్తోందని, చెల్లెలు వింటోందని ఆ బొమ్మే సాక్ష్యం చెబుతున్నట్టుంది.

స్కాన్ లెక్కలు చూసే శశిభూషణ్ ఆమెని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

“మాత్రలు వేసేముందు ఇంకోసారి చూద్దామని నేనే అడిగానండి. మళ్ళీ రెండుసార్లు తీశాం కదా, రెండుసార్లూ చుక్క లేదు.”

“మరి మొదట ఎందుకు పడిందండీ?”

“మెదడు బొమ్మని లక్ష గళ్ళు చేసి, ఒక్కో గడికీ విడిగా లెక్క చూస్తామండి. అన్నిచోట్ల వెతికితే ఊరికే కూడా కొన్ని ఎర్రబడతాయి. మావాళ్ళు ఆ సంగతి పట్టించుకోలేదు. ఇదిగో చూడండి.”

తెర మీద గుండ్రటి బొమ్మ. అందులో మూడు ఎర్రచుక్కలు.

“ఎవరి పిల్లండీ, పాపం?”

“పిల్ల కాదండి, నీళ్ళ సీసా. మెషిన్ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి రోజూ పొద్దున్నే పడుకోబెడతాం. దీనికీ అదే లెక్క కట్టాను. దీనికీ మాత్రలు రాయమంటారా?”

అతను నవ్వాడు. హైమ నవ్వలేదు.

“ఆ నీళ్ళు ఎక్కడివండీ?”

“కంపెనీవాళ్ళు నింపి పంపుతారండి. ఎక్కడివో మాకూ తెలీదు. ఏం?”

అప్పుడు డాక్టరుగారి గదిలోకి వెళ్ళి చెప్పేసింది హైమ, పలకొద్దని నేర్పిన సంగతి. విన్న డాక్టరుగారు చీటీలో మాత్రలు కొట్టేశారు. “మొదటి పిలుపుకే పలకమని చెప్పు తల్లీ. అదే మందు,” అన్నారు.

పాలకొల్లు బస్సు కాలవగట్టు రోడ్డు ఎక్కింది. ఆ మాట చెబుదామని హైమ పిల్ల వైపు తిరిగింది. కిటికీలోంచి కాలవ నిండుగా కనిపించింది. ఇంటికెళ్ళాక చెప్పొచ్చులే అనుకుని, కిటికీ వైపున్న పిల్ల చెవిని అరచేత్తో మూసింది.

“చెయ్యి తియ్యమ్మా, వినబడట్లేదు,” అంది సాయిప్రసన్న.

“ఏం వినబడాలే నీకు?”

పిల్ల కాలవ వైపు చూసింది. కాలవ దూరమయ్యేదాకా హైమ చెయ్యి తియ్యలేదు.