రెండో ట్రాకులో రత్తమ్మ

ఏటా గోదారికి ఎర్రనీళ్ళు తగలగానే కొవ్వూరు నుంచి మా ఇంటికి ఒక పులస చేప వచ్చేది. రత్తమ్మ పంపేది. అరటాకులో చుట్టి, గోనెసంచిలో పెట్టి, వంతెన దాటి రాజమండ్రి వచ్చే ఎవరో ఒకరి చేతికిచ్చేది. పులస ధర తెలిసినవాళ్ళు ఆ సంచి చూసి మా గుమ్మం ముందే నిలబడిపోయేవారు. మా ఆవిడ వీరమ్మ బెండకాయలు వేసి మట్టిదాకలో పులుసు పెట్టేది. ఒక రాత్రి ఊరనిచ్చి మర్నాడు తినేవాళ్ళం. ఇరవై రెండేళ్ళు తిన్నాను. చెయ్యి నాక్కుని మరీ తిన్నాను.

ఆ చేప ఎందుకు వచ్చేదో చెప్పాలి. నేను హార్మోనిస్టుని. పద్యనాటకాలకు లెగ్ హార్మోనియం వాయించేవాణ్ణి. వెంకన్న మాస్టారంటే ద్రాక్షారామం నుంచి పట్టిసీమ దాకా తెలియని తీర్థం, జాతర లేదు. రత్తమ్మ మా ట్రూపులో రాణి వేషం కట్టేది. కొవ్వూరు ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళ పిల్ల. 1981లో మా 'వజ్రమాల శపథం' నాటకాన్ని కేసెట్టు కోసం రికార్డు చేశారు. అందులో రాణి నిండు సభలో పాడే పెద్ద పద్యం ఒకటుంది. ఆ పద్యం చివర రాగం తీసేటప్పుడు రత్తమ్మ గొంతు పోయిందనీ, హార్మోనిస్టు ఆ ఖాళీ తెలియకుండా వాయించి ఆమె పరువు కాపాడాడనీ నాటకాల వాళ్ళందరూ చెప్పుకునేవారు. రత్తమ్మ కూడా అదే నమ్మింది. అందుకే ఆ పులస.

ఆమె గొంతు పోలేదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పుడేం జరిగిందో సూటిగా చెప్పేస్తాను. తిప్పి తిప్పి చెబితే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. రికార్డింగుకి వారం ముందు ఒక తీర్థంలో రత్తమ్మ పద్యానికి మూడు వన్స్‌మోర్లు పడ్డాయి. నాటకం అయ్యాక మేకప్ గదిలో, అందరూ ఉండగా, నా దగ్గరికొచ్చి అంది: "మాస్టారండీ, నాకు శ్రుతి ఇస్తే చాలండి. నా ముందు పరిగెట్టకండి."

మర్యాదగానే అంది. ఉన్నమాటే అంది. పాడేవాళ్ళ వెనకాల హార్మోనియం నడవాలి గాని మీద పడకూడదు. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి ఆ ముక్క నేనే రోజూ చెప్పేవాణ్ణి. అయినా నాకంటే పదిహేనేళ్ళు చిన్నది నలుగురిలో నాకు పాఠం చెప్పడమేంటని ఒళ్ళు మండిపోయింది. మనసులో పెట్టుకున్నాను.

రికార్డు చేసింది హరిబాబు. మెయిన్‌రోడ్డులో కేసెట్ల కొట్టు ఉండేది ఆయనకి. ఒక హాలు అద్దెకు తీసుకుని, మైకులు పెట్టి, పెద్ద టేపు స్పూళ్ళ మీద ఎక్కించాడు. స్పూలు ఖరీదు కాబట్టి ఏ పద్యమైనా ఒక్కసారే పాడాలన్నాడు. రాణి పద్యం వచ్చింది. చివరి మాట పట్టుకుని రత్తమ్మ పైస్థాయికి వెళ్ళింది. సరిగ్గా అక్కడ నేను మోత పెంచే స్టాపర్లన్నీ లాగి, రెండు కాళ్ళతో బలంకొద్దీ తొక్కి, ఆమె నిలబడ్డ స్వరం మీద నా రాగం పరిచేశాను. ఆ హోరులో ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. నా వైపు చూసింది. నేను తల ఎత్తలేదు.

కేసెట్టు బజారులోకి వచ్చాక ఆ చోట హార్మోనియం ఒక్కటే వినిపించింది. "పాపం, రత్తమ్మకి అందలేదు, మాస్టారు ఆదుకున్నాడు" అని ఎవరు మొదలెట్టారో తెలీదు. నేను కాదనలేదు. అక్కడితో ఆగినా కొంత నయంగా ఉండేది. నాటకాలు కుదిర్చే కాంట్రాక్టరు గణేష్‌బాబు ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "ఏంటి మాస్టారూ, రత్తమ్మ గొంతు పనైపోయినట్టేనా?" అనడిగాడు. "మన నోటితో ఎందుకు చెప్పడం లెండి" అన్నాను. పెద్దమనిషి తరహాగా అన్నాననుకున్నాను కూడా. అవునని చెప్పినా అంత పని చేసి ఉండేది కాదు. ఆ ఏడు రాణి వేషం పోయింది, మరుసటి ఏడు చెలికత్తె వేషమూ పోయింది. రత్తమ్మ వెళ్ళి కొవ్వూరు బజారులో చేపల బుట్ట ముందు కూర్చుంది.

ఆ వానాకాలమే మొదటి పులస వచ్చింది. తెచ్చిన మనిషి, "ఆ రోజు మాస్టారు లేకపోతే నలుగురిలో నా పరువు పోయేదని చెప్పమందండి" అన్నాడు. వీరమ్మ మురిసిపోయింది. తిప్పి పంపిస్తే ఎందుకని అడుగుతారు కదా. అందుకని తిన్నాను. మరుసటి ఏడు నుంచి ఆ సాకు కూడా అక్కర్లేకపోయింది.

హరిబాబు పోయాక కొట్టు ఆయన కూతురు సుప్రియ చూసుకుంటోంది. కంప్యూటర్లు చదువుకున్న పిల్ల. మొన్న 2004 మాఘమాసంలో ఫోన్ చేసింది.

"మాస్టారుగారండీ, నాన్నగారి ఒరిజినల్ స్పూళ్ళు బీరువాలో దొరికాయండి. కేసెట్టులో అంతా గరగరలూ హోరూను గానీ, స్పూల్లో ఎంత బాగుందోనండి. శుభ్రం చేసి సీడీ వేద్దామనుకుంటున్నాను. మీరొచ్చి ఒకసారి వినాలండి."

నా రాగాలు మళ్ళీ కొత్తగా మోగుతాయని సంబరపడ్డాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కూడా రాసుకుని వెళ్ళాను. డెబ్బై ఏళ్ళొచ్చినా ఆ పిచ్చి పోలేదు.

కొట్టు మేడ మీద చిన్న గదిలో కంప్యూటరు పెట్టుకుంది సుప్రియ. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తెర మీద రెండు పచ్చ గీతలు చూపించింది. "స్పూలులో రెండు ట్రాకులున్నాయండి. మొదటిది మీ హార్మోనియం, తబలా మైకు. రెండోది పాడేవాళ్ళ మైకు. కేసెట్టులో రెండూ కలిపేశారు. రాణి పద్యం దగ్గర ఒక విచిత్రం ఉందండి, వినండి" అని మొదటి ట్రాకు తగ్గించేసింది.

ఆపమనడానికి చెయ్యి ఎత్తాను. అప్పటికే నొక్కేసింది.

రత్తమ్మ గొంతు వచ్చింది. నా హార్మోనియం ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టుంది. చివరి మాట పట్టుకుని ఆమె పైకి వెళ్ళింది, నిలబడింది. ఎక్కడా వణకలేదు. నేను అంత హోరు పెడుతున్నా శ్రుతి వదల్లేదు. తొందర లేకుండా ఒక్కో మెట్టూ దిగి వచ్చి ఆగింది. నా జీవితంలో ఎంతమంది పక్కన వాయించానో లెక్కలేదు. అంత నిండుగా ఇంకెవరూ పాడలేదు. అది విని ఆనందించే అర్హత కూడా నాకు లేదనిపించింది.

"గొంతు పోలేదు చూశారాండీ!" అని సుప్రియ చప్పట్లు కొట్టింది. అంతలోనే ముఖం చిన్నబుచ్చుకుంది. "మా నాన్నగారే కేసెట్టు చేసేటప్పుడు మీ ట్రాకు పెంచేసి ఉంటారండి. ఆయనకి మిక్సింగు సరిగా తెలీదు కదండీ."

"అయ్యుండచ్చమ్మా" అన్నాను.

చచ్చిపోయినవాడి మీదకి తోసేశాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

"రత్తమ్మగారిని కూడా రమ్మన్నానండి. వచ్చేస్తుంటారు" అంది సుప్రియ. నేను పనుందంటూ లేచాను. గుమ్మంలో చెప్పుల్లో కాలు పెడుతుండగానే రత్తమ్మ మెట్లెక్కి వచ్చింది. జుట్టు సగం నెరిసింది. ఉతికిన నేతచీర కట్టుకుని వచ్చింది.

"మాస్టారండీ, బాగున్నారాండీ?" అని నవ్వింది. "మొన్న వానాకాలం చేప గుడ్డుతో ఉందండి. అమ్మగారికి నచ్చిందాండీ?"

నచ్చిందన్నట్టు తలాడించాను. ఇక వెళ్ళడానికి దారి లేక గోడ పక్కన నిలబడ్డాను.

సుప్రియ ఆమెను కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తలకి తగిలించి పద్యం పెట్టింది. గదిలో మాకేమీ వినపడటం లేదు. రత్తమ్మ ముఖమే కనపడుతోంది. మొదట పెదాలు కదిలాయి. రాగం దగ్గరకొచ్చేసరికి కళ్ళు గట్టిగా మూసుకుంది, దెబ్బ తగలబోతున్నట్టు. ఆ చోటు దాటిపోయింది. కళ్ళు తెరిచి, గొంతు మీద చెయ్యి వేసుకుంది.

"ఇది నేనేనాండీ?"

"మీరేనండీ" అంది సుప్రియ.

"ఆ రోజు పాడాననే అనుకున్నానమ్మా. కేసెట్టు విన్నాక నా మీద నాకే నమ్మకం పోయింది. మళ్ళీ నోరెత్తలేదు. మనవరాలికి జోల కూడా మా కోడల్నే పాడమంటాను."

సుప్రియ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "తప్పు మా నాన్నగారిదండి. ఆయన తరఫున నేను" అంటూ వంగి రత్తమ్మ కాళ్ళు పట్టుకోబోయింది. రత్తమ్మ గబుక్కున ఆ పిల్ల చేతులు పట్టుకుని లేపింది. "ఊరుకో తల్లీ. ఆయన మంచోరు" అంది. అని నా వైపు తిరిగింది. "చూశారాండీ మాస్టారూ, మీరూ పొరబడ్డారు. నా గొంతు పోతుందనుకునే కదండీ కమ్మేశారు."

తప్పించుకోవడానికి దారి ఆమే చూపించింది. అవునంటే చాలు. ఆ పిల్ల తన తండ్రి తప్పని కాళ్ళ మీద పడబోయింది, ఈవిడ నన్ను చూసి జాలిపడుతోంది. ఇద్దరి మధ్యా ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాను.

"నేను పొరబడలేదు రత్తమ్మా. హరిబాబు తప్పేం లేదు. నీ గొంతు బాగుందని తెలిసే తొక్కేశాను. మేకప్ గదిలో నువ్వన్న మాటకి. గణేష్‌బాబు అడిగినప్పుడు కూడా నీ గొంతు బాగుందని చెప్పలేదు."

రత్తమ్మకి మేకప్ గది గుర్తు రాలేదు. కాసేపు వెతుక్కుంది. నేను ఇన్నేళ్ళు మోసిన ఆ మాట ఆమె అన్న మర్నాడే మరిచిపోయింది. గుర్తొచ్చాక నా ముఖంలోకి చూసింది. తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"ప్రతి ఏడూ తిన్నారు కదండీ" అంది. "ఒక్క ముల్లయినా అడ్డం పడలేదాండీ?"

పులసకి ముళ్ళెక్కువ. వీరమ్మ నాకు ముళ్ళు తీసి పెట్టేది.

రత్తమ్మ కుర్చీ తిప్పుకుని, "ఇంకోసారి పెట్టమ్మా" అంది సుప్రియతో. మూడుసార్లు వింది. మూడోసారి వాళ్ళిద్దరూ నేనున్న సంగతే మరిచిపోయినట్టున్నారు. చెప్పులు వేసుకుని మెట్లు దిగాను.

ఆషాఢంలో సీడీ వచ్చింది. సుప్రియ ఒకటి పంపించింది, ఉత్తరం ముక్క లేకుండా. అట్ట మీద రత్తమ్మ పేరు పెద్దక్షరాల్లో ఉంది. కింద వాద్యాల వరుసలో నా పేరూ ఉంది. తీసేసినా బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది.

ఆ వారమే ఎర్రనీళ్ళు వచ్చాయి. వీరమ్మ మట్టిదాక కడిగి, రోజూ పొద్దున్నే చింతపండు నానబెట్టి, రెండు రోజులు వీధి గుమ్మం చూసింది. మూడో రోజు, "ఏంటండీ, రత్తమ్మ చేప ఇంకా రాలేదు? ఒంట్లో బాగుందో లేదో కనుక్కోండి" అంది.

నేను సీడీ పెట్టాను. పద్యం అయ్యేదాకా వింది. "అదేంటి, గొంతు బాగానే ఉందే" అంది. అప్పుడు చెప్పాను, మేకప్ గది నుంచి మొదలుపెట్టి.

వీరమ్మ లేచింది. నానబెట్టిన చింతపండు దొడ్లో పారబోసి వచ్చింది. మధ్యాహ్నం నా కంచంలో అన్నం, పప్పు వడ్డించి, తన కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి కూర్చుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి నా ఎదురుగా కూర్చునే తినేది.