ఎనక్ ప్లాట్‌కు సుత్తుల సాగనంపు

ఎనక్ ప్లాట్ ఆకురాయిని ఒక్క తోపు తోసి, ఆగి, బొటనవేలితో అంచు తడిమాడు. మళ్లీ తోశాడు. బల్లకున్న వైసు ఇనుప దవడల మధ్య బిగించింది వేలెడు రెక్క. నిప్పుల గాలికి గిర్రున తిరిగే చక్రం చుట్టూ గుచ్చుతారు దాన్ని. ఒక్కటి వదులైతే చక్రం తునాతునకలే.

ఆ పాత ఇనుప షెడ్డులో ముందు పంకా లేని విమానానికి ఇంజను తయారవుతోంది. యుద్ధకాలపు రహస్యం, బయట నోరు మెదపకూడదు. అద్దెగది ఇచ్చిన గడ్జన్ అమ్మగారు అడిగితే బట్టలుతికే యంత్రాలని చెప్పాడు.

“నెత్తిన జర్మనీవాడు బాంబులేస్తుంటే మీరు బట్టలుతుకుతున్నారా!” అని ఆవిడ మూడేళ్లుగా దెప్పుతూనే ఉంది.

వైసు మీద వంగి వంగి ఎనక్ నడుం కొడవలి అయింది. చేతి గీతల్లో దిగిన ఇనుప రజను ఏ సబ్బుకూ లొంగదు. ఇప్పుడు రెక్కలు అరగదీసే యంత్రం వచ్చింది. ఇవాళే అతనికి ఆఖరి పూట.

షెడ్డులో ఒక ఆచారం ఉంది. పని చాలించినవాడు వాకిలి వైపు నడుస్తుంటే మిగతావాళ్లు సుత్తో పానాయో పట్టుకుని బల్లలు దద్దరిల్లేలా మోగిస్తారు. మనవాడు అనుకుంటేనే సుమా! వెళ్లేవాడు వెనక్కి తిరగరాదు, తిరిగితే ముష్టెత్తినట్టే. ఎనక్ ఎందరికో చెయ్యి నొప్పెట్టేలా మోగించాడు. తనకు మోగిస్తారా? భార్య పోయాక అతను ఎవరితోనూ నాలుగు మాటలాడింది లేదు. పొద్దుటి నుంచీ ఆ ఒక్క బెంగే గుండెల్లో గీరుతోంది.

మధ్యాహ్నం రొట్టె, ఉల్లిపాయ నములుతుంటే మేస్త్రీ కోప్ వచ్చాడు.

“విన్నావా పెద్దాయనా? నిన్న మన ఇంజను పాదిరిగారి టోపీని ఇటు మింగి అటు బూడిద ఉమ్మిందట!”

“టోపీ కింద పాదిరి లేడు కదా?” అన్నాడు ఎనక్.

షెడ్డంతా గొల్లుమంది. “ఓరి నీ అసాధ్యం కూలా! ఇన్నాళ్లూ ఈ నోరెక్కడ దాచావయ్యా?” అన్నాడు కోప్.

“ఎవరూ అడగలేదుగా.”

సాయంత్రం ఆకురాయిని గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని, టోపీ సర్దుకుని నడిచాడు. సరిగ్గా అప్పుడే పక్క పరీక్షగదిలో ఇంజను వేశారు. ముందు నిట్టూర్పు, తర్వాత ఈల, ఆపైన జిల్లాలోని ఆవులన్నీ ఆ రోజుకు పాలు ఎగ్గొట్టేంత ఊళ. తను అరగదీసిన రెక్కలే తిరుగుతున్నాయి. ఆ హోరులో ఇంకేమీ వినబడలేదు. ఎనక్ చెవి రిక్కించాడు. మెడ సగం తిరిగి, ఆగిపోయింది.

“పోనీలే,” అనుకున్నాడు. గేటు దాటి, బస్సెక్కి, కిటికీ పక్కన ఒక్కడే కూర్చున్నాడు.

లోపల వాళ్లు చెమటలు కక్కుతూ బాదుతూనే ఉన్నారు. ఇంజను ఆగేసరికి బస్సు వెళ్లిపోయింది. సుత్తులు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

ఎనక్ బల్ల మీద, అతను మరిచిపోయిన టీ క్యాను కోప్ సమ్మెట దెబ్బలకు పళ్లెంలా చదునై, అడుగున మిగిలిన టీ చుట్టూ చింది, బాదిన వేడికి ఇంకా వెచ్చగా ఉంది.